గెలిచిన కుర్చీలో ఏముంది? ఉత్తర శ్రీలంక 2013 ఎన్నికలు, ఆ తర్వాతి పెనుగులాట

2013 సెప్టెంబరు 21, శనివారం. శ్రీలంక ఉత్తర ప్రావిన్స్‌లో అక్కడి ప్రావిన్షియల్ కౌన్సిల్‌కు, అంటే మన అసెంబ్లీ లాంటి సభకు, పోలింగ్ మొదలయ్యే వేళకు జాఫ్నాలో 'ఉదయన్' పత్రిక చేతులు మారుతోంది. రోజూ చూసే పేరే, రోజూ చూసే అచ్చే. అందులోని వార్త మాత్రం చదివినవాళ్లను ఉన్నచోటే నిలబెట్టేసింది. తమిళ జాతీయ కూటమి అభ్యర్థి అనంతి శశిధరన్ ప్రభుత్వ పక్షంలోకి వెళ్లిపోయారని రాసి ఉంది. అది ఉదయన్ కాదు. ఎవరో రాత్రికి రాత్రి అచ్చేసి పంచిన దొంగ పత్రిక. దానికి ఒక రోజు ముందే ఆమె ఇంటి మీద దాడి జరిగింది. ఆమె భర్త ఎల్‌టీటీఈ రాజకీయ విభాగంలో పనిచేసిన మనిషి. 2009 మే నెలలో సైన్యానికి లొంగిపోయాక ఆయన ఏమయ్యారో ఇంటికి కబురు లేదు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే ఆమె ఎన్నికల్లోకి వచ్చారు.

దొంగ పత్రిక పనిచేయలేదు. శ్రీలంకలో ఓటరు ముందు పార్టీకి గుర్తు పెట్టి, ఆపై ఆ పార్టీ జాబితాలో తనకు నచ్చిన ముగ్గురి దాకా ఎంచుకోవచ్చు. అలా ఆమెకు పడ్డ ప్రాధాన్య ఓట్లు 87 వేలకు పైనే. కూటమిలో ఆమె కంటే ఎక్కువ వచ్చింది ఒక్కరికే, ముఖ్యమంత్రి అభ్యర్థి సి.వి. విఘ్నేశ్వరన్‌కు. ఆయనకు లక్షా 32 వేలు దాటాయి. మొత్తం 38 సీట్లలో కూటమికి 30, నాటి దేశాధ్యక్షుడు మహింద రాజపక్స పార్టీ కూటమికి 7, శ్రీలంక ముస్లిం కాంగ్రెస్‌కు 1. ఓట్ల లెక్కలో కూటమి వాటా 78 శాతం. యుద్ధం ఆఖరి ఘట్టం జరిగిన ముల్లైతీవు జిల్లాలో, ఏ దారిన వెళ్లినా సైనిక శిబిరం ఎదురయ్యే చోట, 5 సీట్లలో 4 కూటమికే వచ్చాయి.

ఆ రోజుల్లో మన పత్రికలు, మన మాటలు అన్నీ రాష్ట్ర విభజన చుట్టూనే తిరుగుతున్నాయి. సముద్రం అవతల జరిగిన ఈ ఎన్నిక మనలో చాలామంది చెవిన పడలేదు. పడి ఉంటే మనకు తేలిగ్గా అర్థమయ్యే కథ ఇది. రాజధానికీ రాష్ట్రానికీ మధ్య అధికారం ఎక్కడ ఆగుతుంది, గవర్నర్ అనే మనిషి ఎవరి మనిషి, భూమి ఎవరిది అన్న ప్రశ్నలు మనకు కొత్తవి కావు.

యుద్ధం ముగిసిన చోట ఎన్నికలు పెడితే శాంతి వచ్చేస్తుందని బయటి దేశాలు నమ్ముతాయి. ఓటు వేసిన జనమూ నమ్ముతారు. ఉత్తర శ్రీలంకలో ఎన్నిక నిజంగానే జరిగింది, ఫలితమూ నిజమైనదే. రిగ్గింగ్ చేసి గెలిచారని ఎవరూ అనలేదు. ఓడినవాళ్లు వీధుల్లో ఏమీ తగలబెట్టలేదు. అయినా మర్నాటి నుంచే పెనుగులాట మొదలై ఐదేళ్లూ సాగింది. జనం ఓటేసి కూర్చోబెట్టిన కుర్చీలో అధికారం లేకపోవడమే దానికి మూలం. అధికారం లేని కుర్చీ ఏం చేస్తుందో, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లను ఏం చేస్తుందో అక్కడ ఐదేళ్ల పాటు కనపడింది.

ఈ కౌన్సిల్ ఎక్కడి నుంచి వచ్చింది

జాఫ్నాలో ఎన్నికలంటే పాత గాయం ఒకటి ఉంది. 1981 జూన్ 4న జిల్లా అభివృద్ధి మండళ్ల ఎన్నికలు. వాటికి నాలుగు రోజుల ముందు, మే 31 రాత్రి, జాఫ్నా గ్రంథాలయానికి నిప్పు పెట్టారు. దాదాపు 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. ఎన్నికల బందోబస్తుకని సింహళీయులు ఎక్కువగా ఉన్న దక్షిణ శ్రీలంక నుంచి తెచ్చిన పోలీసులే ఆ పని చేశారన్నది అక్కడి తమిళులు ఇంటింటా చెప్పుకునే మాట. రెండేళ్లకే 1983 జులై మారణకాండ, ఆపైన 26 ఏళ్ల యుద్ధం.

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. అదే ఏడాది నవంబరులో శ్రీలంక రాజ్యాంగానికి 13వ సవరణ జరిగింది. మన రాష్ట్రాల పద్ధతిని ముందు పెట్టుకుని, కానీ దాన్ని బాగా కుదించి, ప్రావిన్షియల్ కౌన్సిళ్లు ఏర్పాటు చేశారు. తమిళులు ఎక్కువగా ఉన్న ఉత్తర, తూర్పు ప్రాంతాలను తాత్కాలికంగా కలిపి ఒకే ప్రావిన్స్ చేశారు. 1988లో ఎన్నికలు జరిగాయి, కానీ ఉత్తరాది సీట్లన్నీ పోటీ లేకుండానే నిండిపోయాయి. అంటే ఉత్తరాది ఓటరు తన కౌన్సిల్ కోసం నిజంగా క్యూలో నిలబడింది 2013లోనే, తొలిసారి.

1988లో ముఖ్యమంత్రి అయిన వరదరాజ పెరుమాళ్, మన సైన్యం అక్కడి నుంచి తిరిగొచ్చేస్తున్న 1990 మార్చిలో, ఏకపక్షంగా స్వతంత్ర ఈలం (తమిళుల వేరు దేశం) ప్రకటించేసి భారత్‌కు వచ్చేశారు. కౌన్సిల్ రద్దయింది. ఈ ఒక్క ఘటన దక్షిణాది సింహళ రాజకీయాల్లో ఈనాటికీ బతికే ఉంది. 'వీళ్లకు కౌన్సిల్ ఇస్తే దేశం చీలుస్తారు' అనే ప్రతి ప్రసంగంలోనూ పెరుమాళ్ పేరు వినపడుతుంది. 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు ఉత్తర, తూర్పుల విలీనం చెల్లదంది. మర్నాడు విడివిడి ప్రావిన్స్‌లయ్యాయి అనలేం గానీ, 2007 జనవరి నుంచి రెండూ వేరు. తూర్పులో 2008లోనే ఎన్నికలు పెట్టారు. ఉత్తరంలో యుద్ధం ముగిసి నాలుగేళ్లు దాటినా పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో రాజపక్స ప్రభుత్వానికి తెలుసు. పెడితే ఓడిపోతారు. చివరికి పెట్టింది భారత్ అడగడం వల్ల, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో 2012లోనూ 2013లోనూ వరుసగా తీర్మానాలు పడడం వల్ల, 2013 నవంబరులో కొలంబోలో కామన్వెల్త్ శిఖరాగ్ర సభ జరపాల్సి ఉండడం వల్ల. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. బయటివాళ్లకు చూపించడానికి పెట్టిన ఎన్నిక అది. జనం మాత్రం చూపించడానికి ఓటేయలేదు.

సంతకం ఎవరిది

విఘ్నేశ్వరన్ రాజకీయ నాయకుడు కాదు. 2004లో రిటైరైన సుప్రీంకోర్టు జడ్జి, కొలంబోలో స్థిరపడ్డ పెద్దమనిషి. కూటమి నాయకుడు సంబంధన్ ఆయన్ను ఒప్పించి తెచ్చారు. సింహళీయులతో కలిసి బతికిన మనిషి, చట్టం తెలిసిన మనిషి, కొలంబోకు భయం పుట్టించడు అని ఆశ. ప్రచార రోజుల్లో తమిళనాడు పార్టీల జోక్యాన్ని ఆయన మొగుడూపెళ్లాల తగవులో పక్కింటివాళ్లు దూరడంతో పోల్చారు కూడా. అలా మొదలైన మనిషి 2015 ఫిబ్రవరి 10న అదే కౌన్సిల్‌లో, తమిళులపై జరిగింది జాతి నిర్మూలన అని తీర్మానం ప్రవేశపెట్టి నెగ్గించారు. ఏడాదిన్నరలో ఆయన అంత దూరం ఎలా ప్రయాణించారో తెలియాలంటే ముందు ఆ కుర్చీని దగ్గరగా చూడాలి.

13వ సవరణ ప్రకారం ప్రావిన్స్ కార్యనిర్వాహక అధికారం గవర్నర్‌ది. ఆయన నేరుగానైనా వాడుకోవచ్చు, మంత్రుల ద్వారానైనా వాడుకోవచ్చు. గవర్నర్‌ను నియమించేది దేశాధ్యక్షుడు, ఆయన ఇష్టం ఉన్నంతకాలమే ఆ పదవి. ఇంతవరకూ మన రాజ్యాంగం మాటలూ దాదాపు ఇలాగే ఉంటాయి. మన దగ్గర మంత్రివర్గం సలహా ప్రకారమే గవర్నర్ నడవాలని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, జనమూ చెప్పారు. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేస్తే, నెల రోజుల్లో ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నారు. శ్రీలంకలో అలాంటి ఆనవాయితీ ఏర్పడే వీలే లేకుండా 1987 నాటి ప్రావిన్షియల్ కౌన్సిళ్ల చట్టం ఇంకొన్ని తాళాలు వేసింది.

ఆ చట్టంలో ప్రావిన్స్ ఉద్యోగుల నియామకం, బదిలీ, క్రమశిక్షణ, తొలగింపు అన్నీ గవర్నర్ చేతిలో ఉన్నాయి. డబ్బు ప్రస్తావన ఉన్న ఏ బిల్లునూ గవర్నర్ సిఫారసు లేకుండా కౌన్సిల్‌లో పెట్టడానికి లేదు. ఇక మామూలు బిల్లు సంగతి చూడండి. కౌన్సిల్ పాస్ చేస్తుంది. గవర్నర్ సంతకం పెట్టవచ్చు, లేదా మళ్లీ ఆలోచించండని తిప్పి పంపవచ్చు. కౌన్సిల్ రెండోసారి పాస్ చేసినా, ఆయన దాన్ని దేశాధ్యక్షుడి దగ్గరికి, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు పంపే దారి ఉంది. ఇంత దూరం వెళ్లి వచ్చేసరికి బిల్లు పెట్టినవాళ్ల పదవీకాలమే అయిపోవచ్చు. 38 మందిలో 30 మంది చేతులెత్తినా సరే, ఒక్క సంతకం దగ్గర దస్త్రం ఆగిపోతుంది.

ఆ సంతకం పెట్టాల్సిన మనిషి మేజర్ జనరల్ జి.ఎ. చంద్రసిరి. జాఫ్నా సైనిక దళాలకు కమాండర్‌గా పనిచేసి, 2009లో గవర్నర్‌గా వచ్చిన మాజీ సైనికాధికారి. ఆయన స్వభావం మంచిదా చెడ్డదా అన్నది కాదు విషయం. యుద్ధంలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి వీధి దీపం కోసమో, బడి పైకప్పు కోసమో అర్జీ పెట్టుకుంటే అది చివరికి చేరేది నిన్నటి సైన్యాధికారి బల్ల మీదికి. గవర్నర్‌గా సైనిక నేపథ్యం లేని వ్యక్తి కావాలన్నది కూటమి మొదటి డిమాండ్లలో ఒకటి. 2014 జులైలో చంద్రసిరి పదవీకాలం ముగిసింది. రాజపక్స ఆయన్నే మళ్లీ నియమించారు.

ప్రమాణ స్వీకారం దగ్గరే ఈ ముడి బిగుసుకుంది. గవర్నర్ ముందు ప్రమాణం చేయడం విఘ్నేశ్వరన్‌కు ఇష్టం లేదు. సయోధ్యకు సంకేతంగా ఉంటుందని 2013 అక్టోబరు 7న కొలంబో వెళ్లి దేశాధ్యక్షుడు రాజపక్స ఎదుటే ప్రమాణం చేశారు. ఆ ఫొటో చూసి జాఫ్నాలో చాలామంది మనసు చివుక్కుమంది. యుద్ధం ముగిసిన ముల్లివైక్కాల్‌లో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు, నాలుగేళ్ల కింద యుద్ధం నడిపిన మనిషి ముందు తమ ముఖ్యమంత్రి నిలబడడం మింగుడుపడలేదు. నాలుగు రోజుల తర్వాత జాఫ్నా వీరసింగం హాలులో జరిగిన సభ్యుల ప్రమాణ కార్యక్రమానికి కూటమిలోనే కొందరు రాలేదు. దానికి ఇదొక్కటే కారణం కాదు, మంత్రి పదవుల పంపకమూ ఉంది. చట్టం ప్రకారం ముఖ్యమంత్రి కాక నలుగురే మంత్రులు. కూటమిలో పార్టీలేమో అంతకు మించి, వాటిలో కొన్ని ఒకప్పుడు తుపాకులు పట్టి ఒకదాన్నొకటి చంపుకున్నవి.

అధికారుల సంగతి కూడా ఇలాగే ఉంది. ప్రధాన కార్యదర్శిని నియమించేది దేశాధ్యక్షుడు. ఆమె ముఖ్యమంత్రి మాట వినాలా, గవర్నర్ మాట వినాలా అన్నది 2014లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముఖ్యమంత్రి జారీ చేసిన ఉత్తర్వును సవాలు చేస్తూ కోర్టుకెక్కింది ఆ ప్రధాన కార్యదర్శే. బయటి నుంచి చూస్తే ఇది ఇద్దరు మనుషుల పంతంలా కనిపిస్తుంది. ఒక ఇంటికి ఇద్దరు యజమానులను పెట్టి, తాళంచెవి ఒకరికీ, జనానికి జవాబు చెప్పే బాధ్యత ఇంకొకరికీ ఇస్తే ఎవరున్నా ఇదే జరిగేది.

భూమి

ఓట్ల లెక్కింపు పూర్తయిన నాలుగో రోజు, 2013 సెప్టెంబరు 26న, కొలంబోలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. అది మధ్య ప్రావిన్స్‌లో ఒక ఎస్టేటు భూమి తగవు, ఉత్తరాదికి సంబంధమే లేదు. కానీ కోర్టు తేల్చిన అంశం అన్ని ప్రావిన్స్‌లకూ తగిలింది. ప్రభుత్వ భూమి మీద యాజమాన్యం కేంద్రానిదే, కేంద్రం అప్పగించిన మేరకే ప్రావిన్స్ దాన్ని చూసుకుంటుంది అని. 13వ సవరణలో భూమి ప్రావిన్స్ జాబితాలో రాసి ఉందని ఇరవై అయిదేళ్లుగా చెప్పుకుంటూ వచ్చిన మాట ఆ రోజుతో బలం కోల్పోయింది. పోలీసు అధికారాల సంగతీ అంతే. అవీ జాబితాలో ఉన్నాయి, ఏ ప్రావిన్స్‌కూ ఎన్నడూ ఇవ్వలేదు.

ఆ తీర్పు చెప్పిన ధర్మాసనానికి ప్రధాన న్యాయమూర్తి మోహన్ పీరిస్. ఆయన ఆ పదవిలోకి ఎలా వచ్చారో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. 2012లో 'దివి నెగుమ' అనే బిల్లు వచ్చింది. పేదరిక నిర్మూలన పేరుతో ప్రావిన్స్‌ల పనులు చాలా వరకు కేంద్ర మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చే బిల్లు. ఆ బిల్లును ముందు ప్రావిన్షియల్ కౌన్సిళ్లన్నీ చూసి అభిప్రాయం చెప్పాలని నాటి ప్రధాన న్యాయమూర్తి శిరానీ బండారనాయకె నేతృత్వంలోని కోర్టు చెప్పింది. ఉత్తరంలో కౌన్సిలే లేదు కదా, గవర్నర్ ఒప్పుకుంటే చాలదా అంటే, చాలదంది. 2013 జనవరిలో పార్లమెంటు ఆమెను అభిశంసించి తొలగించింది. ఆ ఖాళీలోకి వచ్చినవారే పీరిస్. ఉత్తరాదిలో కౌన్సిల్ ఏర్పడక ముందే దాని హక్కుల కోసం ఒక ప్రధాన న్యాయమూర్తి పదవి పోయిందన్న మాట.

ఇప్పుడు వలికామం నార్త్‌కు వద్దాం. జాఫ్నా ద్వీపకల్పంలో ఉత్తర అంచున, పలాలి విమానాశ్రయం, కంకేసంతురై రేవుల చుట్టూ ఉన్న ఎర్రమట్టి నేల. ఉల్లి, మిరప, పొగాకు పండే నేల. 1990లో యుద్ధం వల్ల అక్కడి జనం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి శిబిరాల్లోకి వెళ్లారు. ఆ నేల సైన్యం హై సెక్యూరిటీ జోన్ అయింది. యుద్ధం ముగిసింది, జోన్ ముగియలేదు. 2013 ఏప్రిల్‌లో, ఎన్నికలకు అయిదు నెలల ముందు, 6,381 ఎకరాలను ప్రజా ప్రయోజనం కోసం సేకరిస్తున్నామని నోటీసులు వచ్చాయి. సొంతదారులు అక్కడ ఉండరు, ఉండనివ్వరు. వాళ్లెక్కడున్నారో తెలియదన్నట్టుగా ఆ నోటీసులను చెట్లకు అంటించారు. వాళ్లు కొద్ది కిలోమీటర్ల దూరంలో తాటాకు, రేకుల గుడిసెల శిబిరాల్లో 23 ఏళ్లుగా ఉన్నారు. వేలమంది కోర్టుకెళ్లారు.

అదే జోన్‌లో కంకేసంతురై తీరాన సైన్యం 'తల్సెవన' పేరుతో సెలవులు గడిపే రిసార్టు నడుపుతోంది. తాతల నాటి ఇంటి పునాది, బావి ఏ కంచె వెనక ఉన్నాయో చేత్తో చూపించగలిగిన మనిషి అటు వెళ్లలేడు. గది బుక్ చేసుకున్న యాత్రికుడు వెళ్లగలడు. సైన్యం పొలాలు సాగుచేసి కూరగాయలు అమ్మడం, దుకాణాలు, క్యాంటీన్లు పెట్టడం ఉత్తరాదిలో మామూలైపోయింది. అక్కడి చిన్న రైతుకు, చిన్న కొట్టు పెట్టుకున్నవాడికి పోటీ వచ్చింది జీతం తీసుకునే సైనికుడి నుంచి. ఈ మొత్తం వ్యవహారంలో ఓటరు తన ప్రతినిధిని అడిగింది చాలా చిన్న మాట: మా పొలం మాకెప్పుడిస్తారు? దానికి జవాబిచ్చే అధికారం ముఖ్యమంత్రికి లేదు.

ఆ నిస్సహాయతే కౌన్సిల్‌ను తీర్మానాల సభగా మార్చింది. చట్టం చేయలేనివాళ్లకు తీర్మానం మిగులుతుంది. ఐదేళ్లలో వందల తీర్మానాలు, వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ చట్టాలు. అంతర్జాతీయ విచారణ కావాలని 2014 జనవరిలో ఒకటి, జాతి నిర్మూలన అని 2015లో ఒకటి. ఇందులో విఘ్నేశ్వరన్ తప్పు లేదని నేననను. ఉన్న కొద్దిపాటి అధికారంతో చేయగలిగిన పనులు ఉన్నాయి: సహకార సంఘాలు, చేపలవాళ్ల సాయం, స్థానిక రోడ్లు. వాటి మీద ఆయనకు ఓపిక తక్కువ. జడ్జి అలవాటు వల్ల కావచ్చు, ప్రతిదానికీ సుదీర్ఘమైన లేఖ, లేదంటే ప్రసంగం. ఏ నాటికైనా మాట నిలబడుతుందని ఆయన నమ్మకం. కానీ రోజు గడవనివాడికి తీర్మానం కూడు పెట్టదు.

అవతలి భయం, ఇవతలి మరుపు

సింహళ రాజకీయ పక్షాల భయాన్ని కేవలం దురహంకారం అని కొట్టిపారేయలేం. 1987 ఒప్పందం మీద తిరగబడ్డ సింహళ వామపక్ష పార్టీ జేవీపీ అల్లర్లలో, వాటిని అణచిన ప్రభుత్వ హింసలో దక్షిణాదిలో వేలమంది యువకులు చనిపోయారు. కౌన్సిళ్లంటే అక్కడి జ్ఞాపకంలో భారత్ బలవంతంగా రుద్దినవి. ఎల్‌టీటీఈ బాంబులు కొలంబో బస్సుల్లో, రైళ్లలో పేలిన కాలం వాళ్లకూ గుర్తుంది. ఇలాంటి భయం మీద సింహళ జాతీయవాద పార్టీ హెళ ఉరుమయ, అదే ధోరణి నాయకుడు విమల్ వీరవంశ లాంటి వాళ్లు ఎన్నికలే వద్దన్నారు. భూమి, పోలీసు అధికారాలు తీసేశాకే ఎన్నికలు పెట్టాలన్నారు. ఎన్నికల తర్వాత కూటమి ప్రధాన పార్టీ సమాఖ్య వ్యవస్థ అడుగుతోంది కాబట్టి అది వేర్పాటువాదమేనని ఒకరు సుప్రీంకోర్టులో కేసు వేశారు. 2017 ఆగస్టులో కోర్టు, సమాఖ్య కోరడం వేర్పాటు కోరడం కాదని తేల్చింది. వేర్పాటు కోరడాన్ని నిషేధిస్తూ 1983లో చేసిన 6వ సవరణ నీడలో బతికిన తమిళ నాయకులకు ఇది చిన్న ఊరట కాదు.

ఇటువైపు కూడా ఒక మరుపు ఉంది. 1990 అక్టోబరులో ఎల్‌టీటీఈ ఉత్తరాది ముస్లింలను గంటల గడువిచ్చి ఇళ్ల నుంచి వెళ్లగొట్టింది. 70 వేలకు పైగా మనుషులు కట్టుబట్టలతో దక్షిణానికి నడిచారు. యుద్ధం తర్వాత వాళ్లు తిరిగొస్తే మన్నార్, ముల్లైతీవుల్లో ఇళ్లస్థలాలకు తమిళులతో తగవులు. కూటమి తనకొచ్చిన రెండు బోనస్ సీట్లలో ఒకటి ముస్లిం ప్రతినిధికి ఇచ్చింది, మంచి పనే. కానీ జాఫ్నా వేదికల మీద నిర్వాసితుల గురించి మాట్లాడేటప్పుడు, ముస్లింలు కూడా నిర్వాసితులేనని చెప్పే గొంతులు తక్కువే వినిపించాయి.

మనుషులు మారారు

2015 జనవరిలో రాజపక్స ఓడిపోయారు. ఉత్తరాది ఓటు ఆయన ప్రత్యర్థి మైత్రిపాల సిరిసేనకు గంపగుత్తగా పడింది. చంద్రసిరి స్థానంలో మాజీ విదేశాంగ కార్యదర్శి పాలిహక్కర గవర్నర్‌గా వచ్చారు, సైనికుడు కాని మనిషి. వాతావరణం ఇట్టే తేలికపడింది. వలికామం నార్త్‌లో భూములు విడతలు విడతలుగా వెనక్కి ఇవ్వడం మొదలైంది. 2017 జులైలో మయిలిట్టి చేపలరేవు దాని మనుషుల చేతికి వచ్చింది. మనిషి మారితే మేలు జరుగుతుందనడానికి ఇది రుజువు. కానీ చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. ఇచ్చింది గవర్నర్ మంచితనం, దేశాధ్యక్షుడి అవసరం. కొత్త రాజ్యాంగం రాస్తామని 2016లో పార్లమెంటు రాజ్యాంగ సభగా కూర్చుంది. 2017 సెప్టెంబరులో మధ్యంతర నివేదిక వచ్చింది. అక్కడితో ఆగిపోయింది.

జనం ఆగలేదు. 2017 ఫిబ్రవరిలో ముల్లైతీవు జిల్లా కెప్పాపులవు దగ్గర వైమానిక దళ శిబిరం ఎదుట ఆడవాళ్లు పిల్లలతో సహా రోడ్డు పక్కన కూర్చున్నారు. కంచె అవతల తమ పొలాలు. పగలు ఎండ, రాత్రి మంచు. నెల తిరిగేసరికి కొంత భూమి దక్కింది. అదే ఫిబ్రవరి 20న కిలినొచ్చిలో కందస్వామి కోవిల దగ్గర, లొంగిపోయాక మాయమైన తమ పిల్లల ఫొటోలు పట్టుకుని తల్లులు కూర్చున్నారు. అనంతి 2013లో ఓట్లు అడిగిన ప్రశ్నే అది. నాలుగేళ్ల తర్వాత ఆ తల్లులు కౌన్సిల్ భవనం వైపు చూడలేదు, నేరుగా రోడ్డు మీదికి వచ్చారు. వాళ్లు అడుగుతున్నది కౌన్సిల్ చేతిలో లేదని వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది.

లోపల మాత్రం కూటమి చీలుతోంది. ఇద్దరు మంత్రుల మీద అవినీతి విచారణ జరిపించి, 2017 జూన్‌లో వాళ్లను రాజీనామా చేయమన్నారు విఘ్నేశ్వరన్. మిగతా ఇద్దరినీ సెలవు మీద వెళ్లమన్నారు. దాంతో ఆయన్ను దించేయడానికి సొంత కూటమి సభ్యులే అవిశ్వాస నోటీసు తెచ్చారు. ఎక్కడ ఇచ్చారు? గవర్నర్ చేతిలో. గవర్నర్ పెత్తనం పోవాలని నాలుగేళ్లు ఒకే గొంతుతో అడిగినవాళ్లు, ఇంటి తగవు తీర్చమని ఆ గుమ్మమే ఎక్కారు. విఘ్నేశ్వరన్‌కు మద్దతుగా జాఫ్నాలో యువకులు వీధుల్లోకి వచ్చారు, దుకాణాలు మూతపడ్డాయి. సంబంధన్ మధ్యవర్తిత్వంతో నోటీసు వెనక్కి వెళ్లింది గానీ మనసులు కలవలేదు. పంచుకోవడానికి అధికారం లేని చోట మనుషులు నింద పంచుకుంటారు. కొలంబో ఇవ్వనిదానికి ఒకరినొకరు బాధ్యుల్ని చేసుకున్నారు.

2018 అక్టోబరు చివరి వారంలో కౌన్సిల్ పదవీకాలం ముగిసింది. విఘ్నేశ్వరన్ సొంత పార్టీ పెట్టుకున్నారు. అదే వారం కొలంబోలో సిరిసేన, ప్రధానిని తీసేసి రాజపక్సను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. దేశం ఆ సంక్షోభంలో మునిగిపోయింది. జాఫ్నా దగ్గర కైతడిలో ఒక సభ చివరిసారి కొలువు తీరి లేచిపోయిందని పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఎన్నికలు మళ్లీ ఎందుకు జరగలేదన్నదానికి జవాబు ఒక చిన్న సాంకేతిక చిక్కు, దాన్ని విప్పాలని ఎవరికీ లేకపోవడం. 2017లో కౌన్సిల్ ఎన్నికల పద్ధతి మారుస్తూ చట్టం చేశారు. కొత్త పద్ధతికి నియోజకవర్గాల హద్దులు కావాలి. హద్దులు గీసిన నివేదిక 2018 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చింది. అనుకూలంగా ఒక్క ఓటూ పడలేదు, వ్యతిరేకంగా 139 పడ్డాయి. ప్రవేశపెట్టిన మంత్రి కూడా వ్యతిరేకంగానే ఓటేశారు. పాత పద్ధతి రద్దయింది, కొత్త పద్ధతికి హద్దులు లేవు. కాబట్టి తొమ్మిది ప్రావిన్స్‌ల్లో దేనికీ ఎన్నికలు లేవు. అన్నిచోట్లా గవర్నర్లే పాలిస్తున్నారు. 1987లో ఉత్తరాది కోసం వేసిన తాళం ఇప్పుడు సింహళ ప్రావిన్స్‌లకూ పడింది.

2024 నవంబరు పార్లమెంటు ఎన్నికల్లో జాఫ్నా జిల్లా 6 సీట్లలో 3 దేశాధ్యక్షుడు అనుర దిసనాయకె నాయకత్వంలోని అధికార కూటమి ఎన్‌పీపీకి ఇచ్చింది. ఒకప్పుడు ఈ కౌన్సిళ్లకు వ్యతిరేకంగా తుపాకి పట్టిన జేవీపీ ఆ కూటమికి గుండెకాయ. తమిళ పార్టీల తగవులతో విసిగిపోయారని కొందరన్నారు, జాతి సమస్యను జనం మర్చిపోయారని దక్షిణాది వ్యాఖ్యాతలు మరికొందరన్నారు. మర్చిపోవడం నాకైతే కనపడలేదు. పలాలి చుట్టూ ఇంకా కంచె ఉంది, కిలినొచ్చి తల్లులు ఇంకా కూర్చునే ఉన్నారు, వాళ్లలో చాలామంది జవాబు వినకుండానే కన్నుమూశారు. కౌన్సిల్ ఎన్నికలు జరుపుతామని ఎన్‌పీపీ మాట ఇచ్చింది.

2013లో అప్పుడే 18 నిండి, ఆ దొంగ పత్రిక చూసి, అయినా క్యూలో నిలబడ్డ కుర్రాడికి ఇప్పుడు ముప్పై నిండాయి. తన ప్రావిన్స్ కౌన్సిల్‌కు అతను రెండో ఓటు ఇంకా వేయలేదు.